అగ్రిమెంట్‌లో ‘సిస్టమ్’ అంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా? ఎలా రాయాలి?

ఎయిర్‌బైపాస్_కోడర్ (తిరుపతి) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. వచ్చే సోమవారం ఒక అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి, ఆలోపే నాకు ఈ విషయం తేలాలి.

మేము ముగ్గురం కలిసి తిరుపతిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుకుంటున్నాం. రెండేళ్ల కిందట చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీకి వేబ్రిడ్జి (బండిని ఎక్కించి తూచే కాటా) పని చేసిచ్చాం. తోతాపురి సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్లు ఎంత దూరం నిలబడతాయో మన జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. బండికి టోకెన్ ఇవ్వడం, కాయతో ఒకసారి తూకం, దించాక ఖాళీ బండి తూకం, రెంటికీ తేడా లెక్కేసి రైతుకు స్లిప్పు, ఫోనుకు మెసేజ్, వారం చివర పేమెంట్ లిస్టు. మేం చేసింది ఇంతే. కాటా మాది కాదు, మేం పోకముందు ఎప్పుడో వేరేవాళ్లు వేసింది.

అగ్రిమెంట్ మాత్రం మేమే రాసుకున్నాం. నెట్‌లో దొరికిన నమూనా తీసుకుని పేర్లు మార్చి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింటు తీశాం. అందులో ముఖ్యమైన లైను ఇది: ‘వేబ్రిడ్జి మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ను సరఫరా చేసి, బిగించి, మూడేళ్ల పాటు మెయింటెనెన్స్ చూడాలి.’ సిస్టమ్ అంటే ఏమిటో పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. మాకు తెలుసు కదా, వాళ్లకీ తెలుసు కదా అనుకున్నాం.

గత సీజన్‌లో, జూన్ చివర్లో ఒక రాత్రి పిడుగు పడి మూడు లోడ్ సెల్స్ (కాటా కింద బరువును పట్టే సెన్సర్లు), వాటి తీగలు కలిసే జంక్షన్ బాక్సు, తూకం అంకెలు చూపించే ఇండికేటర్‌లో బోర్డు పోయాయి. పొద్దున ఆరింటికి ఫోను, ‘మీ సిస్టమ్ ఆగిపోయింది, వెంటనే రండి’ అని. పోయి చూస్తే మా కంప్యూటర్, మా ప్రోగ్రామ్ బాగానే ఉన్నాయి, స్క్రీన్ మీద సున్నా తప్ప ఇంకేమీ రావడం లేదు. కాటా మాది కాదు సార్ అంటే మేనేజర్ అగ్రిమెంట్ తెచ్చి బల్ల మీద పరిచి, ‘వేబ్రిడ్జి’ అన్న మాట మీద వేలు పెట్టి, ‘ఇది మీరే రాశారు, చదవండి’ అన్నాడు. ఆయన వేలి కింద ఉన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. కోసిన కాయ ఎండలో మగ్గుతోంది, రైతులు బండ్ల మీదే పడుకున్నారు, చివరికి వాళ్లు బయటి కాటాలో తూకం వేయించుకుని వచ్చారు. రిపేరు లక్షా పది వేలు అయింది, అందులో సగం మాకు రావలసిన ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్) డబ్బులోంచి కోసుకున్నారు. డబ్బు సంగతి అలా ఉంచండి, రెండు రోజులు అంతమంది రైతులు మా ముఖం చూసి తిట్టుకున్నారే, అది మరిచిపోలేకపోతున్నాను.

ఇప్పుడు బంగారుపాళెం వైపు ఇంకో ఫ్యాక్టరీ ఇదే పని అడుగుతోంది, దానితో పాటు రెండు కెమెరాలు కూడా. ఈసారి ప్రతి భాగానికీ అర్థం రాయాలని ఉంది. అయితే ప్రతి స్క్రూ రాస్తే ఓనరు భయపడతాడు, రాయకపోతే మళ్లీ అదే గొడవ. ఏ స్థాయి వరకు రాయాలి? పైగా వాళ్లు ‘సాఫ్ట్‌వేర్ మొత్తం మాదే’ అని ఒక లైను పెట్టమంటున్నారు. దానికి ఒప్పుకోవచ్చా?

రేణిగుంట_ప్యానెల్:

తమ్ముడూ, నేను పద్నాలుగేళ్లుగా ఫ్యాక్టరీల్లో కంట్రోల్ ప్యానెళ్ల పని చూస్తున్నాను. కొనేవైపు, అమ్మేవైపు రెండు చోట్లా కూర్చున్నాను కాబట్టి చెప్తున్నా. ప్రతి స్క్రూ రాయక్కర్లేదు. ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు పని చేతులు మారే చోటు ఉంటుంది చూడు, ఆ చోట్లు రాస్తే చాలు. నీ విషయంలో అది ఇండికేటర్ వెనకాల ఉండే, తూకాన్ని కంప్యూటర్‌కు పంపే సీరియల్ పోర్టు. తొమ్మిది పిన్నుల ఆ చిన్న కనెక్టర్ దగ్గర కాటా అయిపోయింది, నీ పని మొదలైంది.

ఆ చోటు రాసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. అక్కడ ఏం రావాలో పూర్తిగా రాయి. ఇండికేటర్ మోడల్ నంబరు, ఆర్‌ఎస్‌-232 పోర్టా ఇంకోటా, స్పీడు 9600 అయితే 9600 అని, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఇలా డేటా పంపే సెట్టింగులన్నీ. అది పంపే లైను ఎలా ఉంటుందో ఒక నమూనా అతికించు. చాలా ఇండికేటర్లు ముందు రెండు అక్షరాలు పంపుతాయి, బండి కదలకుండా నిలబడితే ‘ఎస్‌టీ’, ఊగుతుంటే ‘యూఎస్’, ఆ తర్వాత తూకం, చివర కేజీ. నీ ప్రోగ్రామ్ ఎస్‌టీ వచ్చినప్పుడే తూకం పట్టుకోవాలి. కాబట్టి ‘తూకం’ అన్న మాటకు కూడా అర్థం రాయాలి, ఇండికేటర్ నిలకడగా ఉందని చెప్పి పంపిన సంఖ్యే తూకం, నీ ప్రోగ్రామ్ లెక్కగట్టింది కాదు. ఇది ఎందుకు ముఖ్యమంటే, రేపు ఏ రైతయినా తూకం తక్కువ చూపించారని అంటే ఆ మాట నీ మీదికి రాకూడదు. కాటాకు తూనికలు కొలతల శాఖ వాళ్లు ఏటేటా ముద్ర వేస్తారు, సీలు ఉంటుంది, రిపేరు కోసం సీలు తెంపితే మళ్లీ ముద్ర వేయించాలి. నువ్వు ఆ సీలు లోపలికి పోయేవాడివి కాదని అగ్రిమెంట్‌లో తెలియాలి.

దూరం కూడా చూసుకో. ఆర్‌ఎస్‌-232 కేబుల్ మామూలుగా 15 మీటర్ల దాకానే నమ్మకం. కాటా క్యాబిన్‌లోనే నీ కంప్యూటర్ ఉంటే ఇబ్బంది లేదు. ఆఫీసులో పెడతామంటే మధ్యలో ఎక్కువ దూరం పోయే ఆర్‌ఎస్‌-485కు మార్చే కన్వర్టర్లు రెండు పడతాయి, అవి ఎవరివి, పోతే ఎవరు మార్చాలి? ఇలాంటివే తగాదాలకు మూలం.

ఇంకోటి, ‘విండోస్ కంప్యూటర్’ అని రాసి వదిలేయకు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోయింది. ఆ తర్వాత చాలామంది పీసీలు మార్చారు, పాత చిప్ ఉన్న యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్లు కొన్ని విండోస్ 11లో డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దొరక్క మొరాయించాయి. వెర్షన్ రాయి, కన్వర్టర్ మోడల్ రాయి. ‘లేదా దానికి సమానమైనది’ అని కొనుగోలు వాళ్లు తప్పకుండా చేరుస్తారు. చేర్చనీ, దేంట్లో సమానమో పక్కనే రాయించు.

మాకు ఒక యంత్రం వచ్చింది, పేరు చెప్పను. యంత్రం, ప్యానెల్, పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటర్), మోటార్లు అన్నీ లిస్టులో ఉన్నాయి. పీఎల్‌సీ లోపలి ప్రోగ్రామ్ లిస్టులో లేదు. నాలుగేళ్లకు పీఎల్‌సీ పోయింది, కొత్తది తెచ్చాం, లోపల ప్రోగ్రామ్ లేదు. పాతదానికి పాస్‌వర్డు, అమ్మినవాళ్లు ‘అది మీకు అమ్మలేదు’ అన్నారు. కాగితం ప్రకారం వాళ్ల మాటే నిజం. ఫ్యాక్టరీ లైను తొమ్మిది రోజులు ఆగింది. కంటికి కనపడే భాగాలే భాగాలు అనుకోవద్దు.

స్టేషన్_దగ్గర_లాడ్జి:

నేను మీలాంటి వాళ్ల దగ్గర కొనేవాణ్ణి కాబట్టి ఆ వైపు మాట కూడా వినండి. తిరుపతిలో మాది చిన్న లాడ్జి, ముప్పై రెండు గదులు. రూం బుకింగ్, బిల్లింగ్, గెస్టుల రిజిస్టరు అన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో పెట్టించాం. అగ్రిమెంట్‌లో ‘డైలీ బ్యాకప్ ఫెసిలిటీతో’ అని ఉంది. ఆ మాట చూసి నేను నిశ్చింతగా ఉన్నాను.

బ్రహ్మోత్సవాలకు ముందు రిసెప్షన్ కంప్యూటర్ హార్డ్ డిస్కు పోయింది. బ్యాకప్ తెచ్చి పెట్టండి అంటే, వచ్చిన కుర్రాడు మెల్లగా చెప్పాడు, బ్యాకప్ రోజూ అదే కంప్యూటర్‌లో డీ డ్రైవ్‌లోకి పోతోందట. ఒకే డిస్కు, దాంట్లోనే సీ, దాంట్లోనే డీ. రెండూ కలిసి పోయాయి. రోజూ బ్యాకప్ తీసిన మాట నిజమే, వాళ్లు అబద్ధం ఆడలేదు. అడ్వాన్సు కట్టిన యాత్రికుల లిస్టు లేదు, ఎవరు ఎంత కట్టారో లేదు. వాళ్ల ఫోన్లలో ఉన్న మెసేజ్‌లు చూసి ఒక్కొక్కరికీ గది ఇచ్చాం. నా భార్య మూడు రాత్రులు కౌంటర్‌లో కూర్చుని పాత నోటు పుస్తకంలో రాసింది.

అందుకని మీరు మీ హద్దు రాసుకునేటప్పుడు బ్యాకప్‌కు కూడా అర్థం రాయండి. ఏ డేటా, ఎన్ని గంటలకోసారి, ఏ చోట (ఆ కంప్యూటర్ బయట అని స్పష్టంగా), ఎన్ని రోజులు దాచిపెడతారు, పోయినప్పుడు ఎన్ని గంటల్లో వెనక్కి తెస్తారు, నెలకోసారైనా తెచ్చి చూపిస్తారా. కొనేవాడికి ఇవి అడగాలని తెలియదు. తెలిసిన మీరు రాయకపోతే ఎవరు రాస్తారు?

దస్తావేజు_మనవడు (చిత్తూరు):

మా తాత దస్తావేజు లేఖరి. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని ఆయన రాసేది చూసేవాణ్ణి. ఇప్పుడు నేను ఐటీలో ఉన్నాను కానీ కాంట్రాక్టులు చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు, ఎందుకంటే మీరు అడుగుతున్నదాన్ని మనవాళ్లు పొలం కాగితాల్లో ఎప్పుడో తేల్చేశారు.

పొలం అమ్మేటప్పుడు ‘బావి దగ్గర చేను’ అని రాసి వదిలేయరు. సర్వే నంబరు రాస్తారు, విస్తీర్ణం రాస్తారు, అంతటితో ఆగకుండా చెక్కుబంది రాస్తారు. తూర్పు ఫలానావారి చేను, దక్షిణం వంక, పడమర బండిబాట, ఉత్తరం ఫలానావారి మామిడితోట, ఈ మధ్యన గల భూమి. విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వస్తే సాధారణంగా హద్దులకే బలం అని తాత అనేవాడు, కోర్టులు కూడా ఆ మాటే చెప్తూ వచ్చాయి. మీ సాఫ్ట్‌వేర్‌కూ చెక్కుబంది రాయండి. ఒక పక్క ఇండికేటర్ పోర్టు, ఒక పక్క ప్రింటర్ కేబుల్, ఒక పక్క మెసేజ్‌లు పంపే కంపెనీ సర్వరు, ఒక పక్క ఫ్యాక్టరీ వాళ్ల అకౌంట్స్ ప్యాకేజీ. ఈ నాలుగింటి మధ్యన ఉన్నది మీది. చదువు తక్కువైన ఓనరుకు కూడా ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, ఆయన జీవితంలో కనీసం పది దస్తావేజులు చూసి ఉంటాడు.

గట్టు సంగతి మరిచిపోవద్దు. రెండు చేలూ ఎవరివో అందరికీ తెలుసు, తల పగిలేది మధ్యనున్న గట్టు దగ్గరే. రేణిగుంట అన్న చెప్పిన కేబుల్, కన్వర్టర్ మీ గట్టు. దాన్ని ఎవరి ఖాతాలోనూ వేయకుండా వదిలేస్తే పోరంబోకు అవుతుంది, చెడిపోయిన రోజు ఎవరూ ముట్టరు.

‘సాఫ్ట్‌వేర్ మొత్తం మాదే’ అన్న లైను గురించి. పాత దాన శాసనాల్లో అష్టభోగాలు అని ఉంటాయి, నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. భూమి ఇచ్చేటప్పుడు అందులో దాగున్న నిధి, రాయి, నీరు, ఇకమీద వచ్చేది, ఇప్పటికే చేతిలో ఉన్నది, ఇకపై సాధించుకోబోయేది, ఒక్కోదాన్ని పేరు పెట్టి ఇచ్చేవారు. ‘మొత్తం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టలేదు వాళ్లు. మీ దగ్గరా ఇదే తేడా ఉంది. మీరు ఇంతకుముందే రాసుకుని అన్ని పనుల్లోనూ వాడుకునే కోడ్ సిద్ధం. ఈ ఫ్యాక్టరీ కోసం కొత్తగా రాయబోయేది సాధ్యం. రేపు తెచ్చే కొత్త వెర్షన్లు ఆగామి. మూడూ మూడు పేర్లతో విడదీయండి. సిద్ధాన్ని ఇచ్చేశారంటే ఇంకో ఫ్యాక్టరీకి అదే పని చేసే హక్కు మీకు ఉండదు. వాడుకునే హక్కు ఇవ్వండి, యాజమాన్యం మీ దగ్గర పెట్టుకోండి. డేటా మాత్రం, అంటే రైతుల పేర్లు, తూకాలు, రేట్లు, ఫ్యాక్టరీదే అని మీరే ముందుగా రాయండి, అలా రాస్తే వాళ్లకు నమ్మకం కుదురుతుంది.

ఎయిర్‌బైపాస్_కోడర్:

చెక్కుబంది మాట చదవగానే నాకు మొత్తం కళ్ల ముందు కనిపించింది. రాత్రి కూర్చుని ఒక ముసాయిదా రాశాను. వాళ్ల ఓనరుకు ఇంగ్లీషు అంత రాదు కాబట్టి తెలుగులోనే. తప్పులు చూపించండి, మొహమాటం వద్దు.

‘“తూకం సాఫ్ట్‌వేర్” అంటే టోకెన్, తూకం నమోదు, స్లిప్పు, మెసేజ్, పేమెంట్ లిస్టు అనే ఐదు మాడ్యూళ్లు. ఇది ఇండికేటర్ సీరియల్ పోర్టు నుంచి వచ్చే సంకేతాన్ని కంప్యూటర్‌లో అందుకున్న చోట మొదలై, ప్రింటర్‌కూ మెసేజ్ సర్వీసుకూ సమాచారం అప్పగించిన చోట ముగుస్తుంది. “కాటా” అంటే ప్లాట్‌ఫామ్, లోడ్ సెల్స్, జంక్షన్ బాక్సు, ఇండికేటర్, వాటి మధ్య కేబుళ్లు, ఎర్తింగ్. కాటా కొనుగోలుదారుది, దాని రిపేరుకు సరఫరాదారు బాధ్యుడు కాడు. “తూకం” అంటే ఇండికేటర్ నిలకడగా ఉన్నట్టు తెలిపి పంపిన సంఖ్య. సరఫరాదారు మూడేళ్ల పాటు సిస్టమ్ సక్రమంగా పనిచేసేలా చూడాలి.’

కోర్టు_వీధి (అడ్వకేట్, చిత్తూరు):

బాబూ, ముసాయిదా చాలా మెరుగ్గా ఉంది. అయినా నేను అవతలి లాయరునైతే ఎక్కడ పట్టుకుంటానో చెప్తాను.

చివరి లైను చూడండి. ‘సిస్టమ్ సక్రమంగా పనిచేసేలా’. పైన ఇంత కష్టపడి ‘తూకం సాఫ్ట్‌వేర్’ అని ఒక మాట తయారు చేసుకుని, తీరా బాధ్యత దగ్గరికి వచ్చేసరికి పాత మాటే వాడారు. పోయినసారి మిమ్మల్ని ముంచిన మాటే అది. ఒక వస్తువుకు ఒకే పేరు, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా. వ్యాసంలో ఒకే మాట మళ్లీ మళ్లీ రాస్తే బాగుండదని మాట మారుస్తాం, అగ్రిమెంట్‌లో మాట మారిందంటే అర్థం కూడా మారిందనే అవతలివాడు వాదిస్తాడు. ఇంగ్లీషులో అయితే అర్థం చెప్పిన మాటను పెద్ద అక్షరంతో మొదలుపెట్టి గుర్తు చూపిస్తారు. మన లిపిలో ఆ వీలు లేదు. అందుకని అర్థం చెప్పిన ప్రతి మాటనూ, వచ్చిన ప్రతిచోటా, బోల్డులో పెట్టించండి. బోల్డులో లేని మాటకు మామూలు అర్థమే అని ఒక లైను రాయండి.

రెండోది, కేబుల్. ‘కంప్యూటర్‌లో అందుకున్న చోట’ మీది మొదలవుతుంది, కాటాలో ‘వాటి మధ్య కేబుళ్లు’ అంటే కాటా భాగాల మధ్యవి. పోర్టుకూ కంప్యూటర్‌కూ మధ్యనున్న తీగ ఎవరి చేతిలోనూ లేదు. మనవడు గారు చెప్పిన గట్టు అదే, చెప్పాక కూడా వదిలేశారు.

మూడోది, ‘రిపేరుకు బాధ్యుడు కాడు’ అన్నది అర్థం చెప్పే చోట ఉండకూడదు. అర్థాల పేజీలో ఏది ఏమిటో మాత్రమే చెప్పండి, ఎవరు ఏం చేయాలో, ఏం చేయక్కర్లేదో వేరే క్లాజులో పెట్టండి. రెండూ కలిపితే ఒకటి మార్చినప్పుడు రెండోది తెలియకుండా మారుతుంది.

నాలుగోది, ‘అంటే’ అన్న మాటకూ ‘కూడా చేరతాయి’ అన్న మాటకూ తేడా గుర్తుపెట్టుకోండి. ‘కాటా అంటే ఇవి’ అన్నప్పుడు సాధారణంగా ఆ లిస్టుతో ముగిసింది. ‘కాటాలో ఇవి కూడా చేరతాయి’ అన్నప్పుడు లిస్టులో లేనివి కూడా రావచ్చు. మీ బాధ్యతకు సంబంధించిన లిస్టులో ‘అంటే’ వాడండి. కాటా అన్న మాటకు అర్థం ఎంత విశాలంగా ఉంటే మీకు అంత మేలు కాబట్టి అక్కడ ‘కూడా చేరతాయి’ వాడండి. ఇక ‘వగైరా’ అన్న మాట ఎక్కడ ఉన్నా కొట్టేయండి.

చట్టం కూడా కొంచెం తెలుసుకోండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 29వ సెక్షన్, అర్థం నిశ్చయంగా లేని, నిశ్చయం చేసుకోవడానికి వీలు కూడా లేని ఒప్పందం చెల్లదంటుంది. చట్టంలోనే ఉదాహరణ ఉంది, వంద టన్నుల నూనె అమ్ముతానని ఒకడు ఒప్పుకున్నాడు, ఏ నూనో లేదు, చెల్లదు. అదే అమ్మేవాడు కొబ్బరినూనె మాత్రమే అమ్మే వ్యాపారి అయితే చెల్లుతుంది, అతని వ్యాపారాన్ని బట్టే ఏ నూనో తెలుస్తుంది కాబట్టి. మీరు సాఫ్ట్‌వేర్ వాళ్లు కాబట్టి సిస్టమ్ అంటే సాఫ్ట్‌వేరే అని ఆ దారిలో వాదించవచ్చు. కానీ ‘వేబ్రిడ్జి’ అన్న మాట మీరే చేర్చారు, పైగా అనుమానం ఉన్నచోట రాసినవాడికి వ్యతిరేకంగా అర్థం తీసే పద్ధతి ఒకటుంది, ఇన్సూరెన్స్ కేసుల్లో ఎక్కువగా చూస్తాం. ‘నోటితో ఇలా అనుకున్నాం సార్’ అన్నది పెద్దగా నిలబడదు. రాసిన షరతులకు విరుద్ధంగా నోటి మాటను సాక్ష్యంగా తీసుకోవడానికి పాత సాక్ష్య చట్టం ఒప్పుకునేది కాదు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కూడా, కొన్ని మినహాయింపులు తప్ప, అదే చెప్తోంది.

పర్చేజ్ ఆర్డరు (పీఓ) కూడా తెప్పించి చూడండి. ఫ్యాక్టరీల పీఓలలో ‘అన్ని యాక్సెసరీలతో, అన్ని విధాలా సంపూర్ణంగా’ అని అలవాటుగా టైపు చేస్తారు. ఆ ఒక్క ముక్క మీ చెక్కుబందిని చెరిపేస్తుంది. అగ్రిమెంట్‌కూ పీఓకూ కొటేషన్‌కూ తేడా వస్తే అగ్రిమెంటే చెల్లుతుందని రాయండి. తెలుగు ప్రతి, ఇంగ్లీషు ప్రతి రెండూ ఉంటే ఏది చెల్లుతుందో కూడా రాయండి.

కోడ్ యాజమాన్యం విషయం. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనల్లోనే చేర్చింది. ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే యజమానిది. మీరు వాళ్ల ఉద్యోగులు కారు కాబట్టి రాతపూర్వకంగా బదిలీ చేయనంత వరకు అది మీదే. బదిలీ చేసినా, కాలం రాయకపోతే ఐదేళ్లకనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ 19వ సెక్షన్ అనుకుంటుంది. మీ కోడ్‌లో ఓపెన్ సోర్సు (వేరేవాళ్లు రాసి అందరినీ వాడుకోనిచ్చిన) భాగాలుంటే వాటి పేరు, లైసెన్సు విడిగా రాయండి. మీది కానిదాన్ని ‘మొత్తం మీదే’ అని రాసివ్వడం మీ చేతిలో లేదు.

రేణిగుంట_ప్యానెల్:

సార్ బాగా చెప్పారు. నాది ఒక్కటి. ఇండికేటర్ మార్చితే ఏం చేస్తావు తమ్ముడూ? రేపు వాళ్లు చవగ్గా దొరికిందని వేరే మోడల్ పెడతారు, అది పంపే లైను వేరుగా ఉంటుంది, నీ ప్రోగ్రామ్ చదవలేదు. పోర్టు అదే, హద్దు అదే, హద్దు దాటి వచ్చేది మారింది. అనుబంధంలో ఉన్న మోడల్ మార్చాలంటే ముందు మీకు రాసి చెప్పాలి, దానికి పని, రేటు వేరే అని పెట్టు. కెమెరాలకూ అంతే.

మెసేజ్‌ల సంగతి కూడా చూడు. వ్యాపార మెసేజ్‌లకు ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ రిజిస్టరులో హెడర్ (పంపేవారి పేరు), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) రిజిస్టర్ చేయాలి, మెసేజ్ ఫ్యాక్టరీ పేరు మీద పోతుంది కాబట్టి రిజిస్ట్రేషన్ కూడా వాళ్ల పేరు మీదే చేయించు. నీ పేరు మీద చేస్తే రేపు నువ్వు తప్పుకున్న రోజు రైతులకు మెసేజ్‌లు ఆగిపోతాయి.

ఎయిర్‌బైపాస్_కోడర్:

ఈరోజు బంగారుపాళెం వెళ్లొచ్చాను. ముసాయిదా మొత్తం తిరగరాసి, ‘సిస్టమ్’ అన్న మాట ఎక్కడుందో వెతికి వెతికి తీసేశాను, పధ్నాలుగు చోట్ల ఉంది. బ్యాకప్‌కు సగం పేజీ పట్టింది, లాడ్జి అన్న అడిగినవన్నీ పెట్టాను. రోజుకు రెండుసార్లు, ఫ్యాక్టరీ బయట ఉన్న సర్వరులోకి, తొంభై రోజులు దాచాలి, నెల మొదటి శనివారం వెనక్కి తెచ్చి చూపించాలి. మా సిద్ధం కోడ్‌ను వాడుకునే హక్కు వాళ్లకు, యాజమాన్యం మాకు, డేటా వాళ్లది. ఓనరు సిద్ధం, సాధ్యం, ఆగామి అన్న మూడు పేర్లూ చదివి, మా నాయన పట్టా కాగితం లాగా ఉందే అన్నాడు, పెద్దగా బేరం కూడా ఆడలేదు.

తర్వాత మేనేజర్‌నూ ఎలక్ట్రీషియన్‌నూ వెంటబెట్టుకుని కాటా క్యాబిన్‌లోకి పోయాం. ఇండికేటర్ తిప్పి, వెనక పోర్టు చుట్టూ ఎర్ర టేపు అంటించాం. టేపుకు అవతల వాళ్లది, ఇవతల మాది. కేబుల్, కన్వర్టర్ మా ఖాతాలోనే వేసుకున్నాం, రెండూ కలిపి పెద్ద ఖర్చు కాదు, పోతే అదే రోజు మార్చేస్తాం. ఎర్తింగ్ గుంత చూద్దామంటే దాని మీద ఖాళీ క్రేట్లు పేర్చి ఉన్నాయి, తీయించి చూస్తే లోపల తీగ ఊడిపోయి ఉంది. సీజన్ మొదలయ్యేలోపు బాగు చేయిస్తామని మేనేజర్ అక్కడికక్కడే రాసిచ్చాడు. టేపు అంటించిన పోర్టు ఫోటో తీసి అనుబంధం 2గా పెట్టాను.

కోర్టు_వీధి సార్, ఆ ఫోటో మీద కూడా సంతకాలు కావాలా?

కోర్టు_వీధి (అడ్వకేట్, చిత్తూరు):

కావాలి. ఇద్దరివీ, తేదీ వేసి. ఫోటోలో ఇండికేటర్ సీరియల్ నంబరు కనపడేలా ఇంకొకటి తీయండి.